నా కుడి చెవిలో వెలసిన మహిమ

సమస్త స్తుతులూ ఆ అల్లాహ్‌కే. ఆయన మనిషికి రెండు చెవులిచ్చాడు, వాటి మధ్య కాస్త బుర్ర పెట్టాడు, ఆ బుర్ర పనిచేయని రోజుల కోసం స్నేహితుల్నీ ఇచ్చాడు. మట్టిముద్దను రెండు కాళ్ళ మీద నిలబెట్టి, అది పడిపోకుండా కాపాడే సాధనాన్ని ఎవరికీ కనబడని చోట దాచాడు. ఆ చోటేదో తెలియక, మదర్సాలో ఏడేళ్ళు చదివిన ఒక మూర్ఖుడు సౌదీ జుబైల్లో ఒక శుక్రవారం సాయంత్రపు అస్ర్ నమాజులో అరవై మంది ముందు పడ్డాడు. బోర్లా కాదు, వెల్లకిలా కాదు, నరికిన అరటిచెట్టులా పక్కకు పడ్డాడు. ఆ మూర్ఖుణ్ణి నేనే. పేరు మస్తాన్ వలి, ఊరు రాయచోటి దగ్గర.

వలి అంటే దైవానికి ఆప్తుడని అర్థం. మీరు కంగారు పడకండి, మా సీమలో వీధికి నలుగురు వలీలుంటారు. ఒకరు టైర్లకు పంచర్లు వేస్తారు, ఒకరు మటన్ కొడతారు, ఒకరు ఆటో నడుపుతారు, నాలుగోవాడు ఈ మూడూ చేతగాక సౌదీ వస్తాడు. పేరు పేరుగా ఉన్నంతకాలం ఎవరికీ ప్రమాదం లేదు. నా విషయంలో ఆ పేరు మెల్లగా తలకెక్కింది. అసలు ఎక్కింది తలకు కూడా కాదు, చెవికి. అదే చెప్పబోతున్నాను.

జుబైల్ ఫ్యాక్టరీలను అప్పుడప్పుడు మరమ్మతుల కోసం ఆపేస్తారు. దాన్ని షట్‌డౌన్ అంటారు. ఆ రోజుల్లో పెద్ద పెద్ద టవర్ల చుట్టూ ఇనుప పైపులతో పరంజా కట్టే స్కాఫోల్డర్ని నేను. ఎత్తులో పనిచేయడానికి మాకు హైట్ పాస్ అని ఒక కార్డు ఇస్తారు. ఆ కార్డు మెడలో ఉంటే నేను స్కాఫోల్డర్ని. లేకపోతే కింద పైపులు మోసే మనిషిని. పైపులు మోసేవాళ్ళు ఎక్కువైతే కంపెనీ ఏం చేస్తుందో గల్ఫ్ చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి విమానం ఎక్కిస్తుంది. కాబట్టి పాఠకులారా, ఈ కథలో నా మెడలో వేలాడే ఆ కార్డు మీద ఒక కన్నేసి ఉంచండి. నేను ఆ రోజుల్లో దాని మీద తప్ప అన్నిటి మీదా కన్నేశాను.

ముఖ్యంగా ఒక చాప మీద కన్నేశాను. మా క్యాంపులో ఒక పోర్టా క్యాబిన్‌ను నమాజు గదిగా చేసుకున్నాం. అక్కడ ముందు నిలబడి నమాజు చదివించేది ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక ముసలి ఎలక్ట్రీషియన్. అందరికీ ఆయన చాచా. ఆ చాచా వచ్చే నెల ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్ళిపోతున్నాడు. ఆయన తర్వాత ఆ ముందు చాప ఎవరిది? మదర్సాలో చదివినవాణ్ణి, మతబోధ చేసే జమాత్‌తో ఊళ్ళు తిరిగినవాణ్ణి, గడ్డం కూడా బాగానే పెరిగినవాణ్ణి. నాకు కాక ఇంకెవరికి? ఒక్క అనుమానం మాత్రం ఉండేది. అతని పేరు ఖాదర్ బాషా.

బాషాది ఆదోని. గదిలో నా పక్క మంచం, పనిలో నా జోడీ. నేను పైన పైపులు బిగిస్తే, అతను కింద నుంచి అందిస్తాడు. తక్కువ మాట్లాడతాడు, గొంతు బాగుంటుంది, అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, అందరికీ ఇష్టం. ఈ మధ్య రోజూ తెల్లవారుజాము నమాజు ఫజర్‌కు నాకంటే ముందు మంచం దిగుతున్నాడు. మొదటి వరుసలో చోటు కోసమే అని నేను గ్రహించాను. చాచా కళ్ళలో పడటానికి ఎంత ఎత్తు వేశాడో చూడండి!

ఒకరోజు తెల్లవారుజామున బాషా మంచం కిర్రుమంది. నేను గభాలున లేచాను. మావి రెండంతస్తుల ఇనుప మంచాలు. నా మంచం కిందిది. పై మంచం యాంగిల్‌కు నా తల ఎంత గట్టిగా తగిలిందంటే, పైన పడుకున్న బెంగాలీ భాయ్ లేచి కూర్చుని "భూకంపమా?" అని అడిగాడు. నేను తల రుద్దుకుంటూనే పరిగెత్తాను. ఆ రోజు మొదటి వరుసలో నేనే మొదటివాణ్ణి. బాషా రెండో వరుసలో నిలబడ్డాడు. గెలిచాను.

ఆ మధ్యాహ్నం జొహర్ నమాజులో మహిమ మొదలైంది.

సజ్దాలోకి వెళ్ళి నుదురు నేలకు ఆనించాను. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేలోపు నా కింద నేల కదిలింది. తిరగలి రాయిలా, ఫ్యాన్ రెక్కలా, పెళ్ళిలో బిర్యానీ డేగిశాలో తిప్పే గరిటెలా గిర్రున తిరిగింది. అర నిమిషం తర్వాత ఆగింది.

బుద్ధి ఉన్నవాడైతే ఏమనుకుంటాడు? ఎండదెబ్బ అనుకుంటాడు. నేను అలా అనుకుంటే మీకు ఈ కథ ఉండేది కాదు. మా మదర్సా ఉస్తాద్ చెప్పేవారు, కొందరు పుణ్యాత్ములు సజ్దాలో తమను తామే మరిచిపోతారని. పదిహేనేళ్ళుగా నాకు సజ్దాలో సాయంత్రం కూర ఏమిటనేదే గుర్తొచ్చేది. ఇవాళ ఒక్కసారిగా లోకం నా చుట్టూ తిరిగింది. ఇంకేం కావాలి?

ఆ సాయంత్రం రెండో రుజువు దొరికింది. సున్నత్ ప్రకారం, అంటే ప్రవక్త అలవాటు ప్రకారం, కుడి పక్కకు తిరిగి పడుకున్నాను. లోకం గిర్రుమంది. ఎడమ పక్కకు తిరిగాను. ఏమీ లేదు, అంతా చచ్చినట్టు నిశ్శబ్దం. మళ్ళీ కుడికి. మళ్ళీ గిర్రు! మూడోది మరునాడు. దుఆకు, అంటే దేవుణ్ణి వేడుకోవడానికి, ఆకాశం వైపు తల ఎత్తగానే మేఘాలు గుండ్రంగా పరిగెత్తాయి. ఇక జుబైల్లో మేఘాలెక్కడివంటారా? నాకా ప్రశ్న రాలేదు, ఫ్యాక్టరీ పొగ అయినా సరే, తిరిగింది కదా!

సజ్దా, కుడి పక్క, ఆకాశం. మూడూ పుణ్యమే. ఎడమ పక్కన సున్నా. ఇంత పకడ్బందీ సాక్ష్యం కోర్టులో కూడా దొరకదు.

రహస్యం మూడు రోజులు దాచాను. నాలుగో రోజు కడుపు ఉబ్బి బాషాకు చెప్పేశాను.

"బాషా, సజ్దాలో నాకు భూమి తిరుగుతాంది బ్బా."

"భూమి ఎప్పుడూ తిరుగుతానే ఉంటాది. నీకు ఇప్పుడు తెల్సిందా?"

"ఎగతాళి వద్దు. ఇది వేరే సంగతి. కుడి పక్కకు పండుకున్నా తిరుగుతాంది. ఎడమ పక్క లేదు. అర్థమైతాందా నీకు?"

బాషా సాక్సు ఉతకడం ఆపి నా వైపు చూశాడు. "వాంతి వచ్చినట్ల ఉంటాదా?"

"కొంచెం. అది కూడా లోపలి మురికి బయటికి పోయేదే అనుకుంటాండా."

"బూట్ల లేసు కట్టేదానికి వంగితే?"

నిజమే, అప్పుడూ తిరుగుతోంది. కానీ తడుముకోలేదు. "వంగడమంటేనే వినయం గదా."

"సరే. మొన్న స్నానం చేస్తా సబ్బు కింద పడేసినావు. దబ్‌మని తలుపుకు గుద్దుకున్న శబ్దం వినపడింది. అప్పుడు?"

నేను బూటు తీసుకుని తుడవడం మొదలుపెట్టాను.

"ఆ చోట దేవుని పేరు గూడా ఎత్తగూడదని నువ్వే గదబ్బా నాకు మసలా, ధర్మం రూలు, చెప్పినావు. మరి మహిమ ఆడికెట్ల వచ్చె?"

పాఠకులారా, నేను అక్కడే లొంగిపోవాల్సింది. మదర్సాలో ఏడేళ్ళు చదివినవాడికి ఒక సాక్సు ఉతికేవాడు వేసిన ప్రశ్న అది.  జవాబు లేనప్పుడు పండితులు చేసే పనే నేనూ చేశాను. జాలిగా నవ్వాను.

"ఇవి చెప్తే అర్థం కావు బాషా. ఆ స్థాయికి పోతే నీకే తెలుస్తాది."

"ఆ స్థాయికి పోతే ఆస్పత్రికి పోవల్ల," అని అతను సాక్సు పిండాడు.

తర్వాత చేసిన తప్పు ఇంకా పెద్దది. మా ఆవిడ రేష్మాకు ఫోన్లో చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పాను. అంటే అందరికీ చెప్పమని. మరుసటి రోజుకు వాయిస్ మెసేజీలు దిగాయి.

"ఏమండీ, మా అమ్మ మోకాలికి దుఆ చెయ్యమంటాంది. పక్కింటి హసీనాకు సంబంధం కుదరల్ల. మీ చిన్నాయన బర్రె ఈసారన్నా దూడను వెయ్యాలంట. కుడి పక్కకు తిరిగి చెయ్యండి, ఎడమ పక్క పని చెయ్యదని చెప్పినా."

క్యాంపులోనూ పొక్కింది. ఒకడు నీళ్ళ సీసా తెచ్చి "భాయ్, థోడా దమ్ కర్ దో" అన్నాడు, దుఆ చదివి ఊదమని. ఊదాను. తర్వాత పది సీసాలు, ఆ తర్వాత నలభై. నమాజు గదిలో ముందు గోడ వారగా వాటిని వరుసగా పెట్టించాను. ఎవరైనా ఊరికే చూస్తారని కాదు, ఊరికే కనబడతాయని.

చాచా ఒక సాయంత్రం నన్ను పక్కకు పిలిచాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "బేటా, పహలే డాక్టర్ కో దిఖా లో," అన్నాడు. ముందు డాక్టరుకు చూపించుకోమని. చూశారా అసూయ! పోతూ పోతూ కూడా చాప వదలబుద్ధి కావడం లేదు పెద్దాయనకు, అనుకున్నాను. ఆయన నన్ను క్షమించాడు. అల్లాహ్ కూడా క్షమించుగాక.

ఇప్పుడు మెడలో కార్డు సంగతి. ఆ గురువారం టవర్ మీద ఆరో అంతస్తులో ఉన్నాను. నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, తాడుకు కొక్కెం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పై పైపుకు క్లాంపు, అదే పైపుల్ని కలిపే ఇనుప పట్టీ, బిగించాలని తల ఎత్తాను. టవర్ కదిలింది. ఫ్యాక్టరీ కదిలింది. సముద్రం నా కుడి చెవిలోకి వచ్చి ఎడమ చెవిలోంచి పోయింది. రెండు చేతులతో పైపును కావలించుకున్నాను. రెండు చేతులూ పైపుకు ఇచ్చినవాడి చేతిలో క్లాంపు ఎలా ఉంటుంది? కిందికి పోయింది. కింద బాషా ఉన్నాడు.

అతనికి రెండడుగుల అవతల ఇసుకలో దిగబడింది.

నేను దిగి వచ్చేసరికి బాషా ఆ క్లాంపును చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. మొహం తెల్లగా ఉంది. ఎప్పుడూ గొంతెత్తని మనిషి ఆ రోజు అరిచాడు.

"నువ్వు వలీవైతే అవుబ్బా, పీరువైతే అవు. నా నెత్తిన మాత్రం పడొద్దు! ఇంట్లో నాకు ఇద్దరు ఆడబిడ్డలుండారు."

"చెయ్యి జారింది బాషా..."

"చెయ్యి గాదు, నీ తలకాయ జారింది. శనివారం పొద్దున క్లినిక్‌కు వస్తావా, నేనే సేఫ్టీ ఆఫీసరుకు చెప్పాల్నా?"

నా గుండె జారింది. క్లినిక్ అంటే కార్డు లాక్కోవడం. కార్డు పోతే పైపులు మోయడం. పైపుల తర్వాత విమానం. రాయచోటిలో దిగి "వచ్చేశాను" అంటే, బర్రె కోసం కాచుకున్న చిన్నాయన ఏమంటాడు?

కానీ గర్వం ఉందే, అది భయానికి కూడా తెలివితేటలు నేర్పుతుంది. రేపు శుక్రవారం. అస్ర్ నమాజు నేను చదివిస్తానని చాచాను అడుగుతాను. అందరి ముందూ ఆ మహిమ వస్తుంది. అందరూ చూస్తారు. చాప నాదవుతుంది. ఇమామును క్లినిక్‌కు పట్టుకుపోయే ధైర్యం ఎవరికుంటుంది? బాషాకు మాటిచ్చాను. "శనివారం వస్తా. రేపు ఒక్కరోజు నన్ను చూడు."

చాచా ఒప్పుకున్నాడు. ఎందుకో కాస్త విచారంగా ఒప్పుకున్నాడు.

శుక్రవారం సెలవు కాబట్టి గది నిండింది. వరుసలు సరిచేయించి, వెనక్కి తిరిగి ఒక చిన్న ప్రకటన కూడా చేశాను. నాకు ఇప్పుడు తలుచుకుంటే చెవులు ఎర్రబడతాయి. "సజ్దాలో నేను ఎక్కువసేపు ఉంటే కంగారు పడొద్దు" అన్నాను, ఎక్కడికో వెళ్ళొస్తానన్నట్టు.

మొదటి సజ్దా. వచ్చింది. ఆహా, ఎంత తిరిగింది! రెండో సజ్దా. ఇంకా తిరిగింది. ఆగేదాకా ఉందామనుకున్నాను గానీ, వెనక ఎవరో దగ్గారు. అందరూ చూడాలి కదా అని ఒక్క ఊపున లేచి నిలబడ్డాను.

కాళ్ళు లేచాయి. తల లేవలేదు. గది కుడి వైపుకు వంగింది. దాన్ని సరిచేద్దామని నేనూ కుడికి వంగాను. నా వెనక కొత్తగా వచ్చిన ఒక బంగ్లాదేశీ కుర్రాడు, ఇమాము ఏం చేస్తే అదే చేయాలని విన్నాడు కాబట్టి, భక్తిగా తనూ కుడికి వంగాడు. అతన్ని చూసి అతని పక్కవాడు. నేను పెడస్టల్ ఫ్యాన్‌ను పట్టుకున్నాను. ఫ్యాన్ నన్ను పట్టుకోలేదు. ఇద్దరం కలిసి ఆ నలభై సీసాల మీద పడ్డాం.

మీరు బౌలింగ్ ఆట చూశారా? బంతి నేను. సీసాలు వరుసల మధ్య నుంచి దొర్లుకుంటూ గుమ్మం దాకా, చెప్పుల దాకా పోయాయి. మూత ఊడిన ఒకదాని నీళ్ళు, నేను స్వయంగా ఊదిన నీళ్ళు, నా మొహం మీదే పడ్డాయి.

చాచా ఒక్క అడుగు ముందుకు వేసి, నేను వదిలేసిన చోటి నుంచి నమాజు అందుకున్నాడు. గొంతులో వణుకు లేదు. కానీ వెనక పరిస్థితి వేరు. మేం పాటించే ధర్మశాస్త్రం ప్రకారం నమాజులో బయటికి వినబడేలా నవ్వితే నమాజే కాదు, దానికి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కున్న వజూ కూడా చెడిపోతుంది. మొదట ఒకడు ముక్కుతో శబ్దం చేశాడు. తర్వాత ఒకడు దగ్గుగా మార్చబోయి ఓడిపోయాడు. ఆ తర్వాత నవ్వుల కట్ట తెగిపోయింది. చాచా సలామ్ తిప్పి నమాజు ముగించేసరికి ఆయన వెనక మిగిలింది ఐదుగురు. మిగతా యాభై చిల్లర మందీ కుళాయిల దగ్గర మళ్ళీ వజూ చేస్తున్నారు. ఆ రోజు క్యాంపు ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి. నా మహిమ వల్ల జరిగిన మొదటి అద్భుతం అదే.

శనివారం బాషా నా చొక్కా పట్టుకుని క్లినిక్‌కు తీసుకుపోయాడు. డాక్టరు వరంగల్ మనిషి. తెలుగువాణ్ణని తెలియగానే మొహం విప్పారింది.

"కూసో తమ్మీ. ఏమైతున్నది?"

నేను మొదటి నుంచీ చెప్పాను. సజ్దా, కుడి పక్క, ఆకాశం. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు. తర్వాత నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టాడు. తల మంచం అంచు దాటి వేలాడింది.

"కండ్లు మూయకు. నా ముక్కు దిక్కు చూడు."

వచ్చేసింది. నాకు సంతోషం ఆగలేదు. "సార్, ఇదే సార్! వస్తాంది సార్!"

"వస్తది, వస్తది. నీ కండ్లు గుడ గిర్రున కొట్టుకుంటున్నయ్. సజ్దా లేదు, దుఆ లేదు, గీ రెక్సిన్ మంచం మీద గుడ వచ్చింది. గిదేం మహిమనే?"

బాషా గోడ వైపు తిరిగాడు. వీపు కదులుతోంది.

"కానీ సార్, నాకు చెవులు బాగా వినపడతాయి. అజాన్ అందరికంటే ముందు నాకే వినపడతాది."

"వినేది ఒక గది, నిలబెట్టేది ఇంకో గది. ఇల్లు ఒక్కటే." ఆయన కాగితం మీద గీశాడు. "గిది బయట దొప్ప. గిది తోవ. చివర్ల డప్పు లెక్క పొర. మాటొస్తే అది అదురుతది, దాని ఎనక మూడు చిన్న ఎముకలు కదుల్తయ్, ఆ అదురు నత్తగుల్ల లెక్కున్న గదిలకు పోతది. ఆడికెల్లి మెదడుకు. గది వినుడు. దానికి ఆనుకోనే మూడు గొట్టాలు, గాజుల లెక్క వంగి ఉంటయ్. ఒక్కోటి ఒక్కో దిక్కు. లోపట నీళ్ళు. తల కదిలితే నీళ్ళు కదిలి మెదడుకు చెప్తయ్, ఎటు వంగినవో."

"రసమట్టం!" అని అరిచాను. మేస్త్రీలు గోడ సమంగా ఉందో లేదో చూడటానికి పెట్టే ఆ బుడగ పరికరాన్ని నేను రోజూ వాడతాను. "అల్లాహ్ మనిషి చెవిలో మూడు రసమట్టాలు పెట్టినాడా సార్?"

"రెండు చెవులల్ల కలిపి ఆరు. గొట్టాల పక్కన చిన్న అర ఉంటది. దాన్ల సుద్ద రేణువులు అతుక్కోని ఉంటయ్, ఇసుక కంటే సన్నం. అవి కొన్ని ఊడి నీ కుడి చెవి గొట్టంల పడ్డయ్. నువ్వు తల వంచినప్పుడల్లా అవి దొర్లుతయ్, నీళ్ళను కదిలిస్తయ్. నువ్వు ఆగినవ్, నీళ్ళు ఆగలే. మెదడేమో ఇంకా తిరుగుతున్నవనుకుంటది. అందుకే కుడి పక్కకు పండుకుంటే వస్తది, ఎడమకు రాదు."

నా పుణ్యమంతా సుద్దపొడి!  ఆయన మళ్ళీ నా తల పట్టుకుని కుడికి తిప్పి పడుకోబెట్టాడు, కాసేపు ఆగాడు, ఎడమకు తిప్పాడు, ఆగాడు, ఒంటిని కూడా ఎడమకు దొర్లించాడు, మెల్లగా లేపి కూర్చోబెట్టాడు. రేణువులు గొట్టం దాటి తమ పాత అరలోకి వెళ్ళిపోతాయట. కొంచెంసేపు కూర్చోనిచ్చి మళ్ళీ కుడికి పడుకోబెట్టాడు. ఏమీ లేదు. పైకప్పు కదల్లేదు.

"తిరుగుతున్నదా?"

"లేదు సార్," అన్నాను, రేషన్ కార్డు రద్దయినవాడిలా. "మొత్తం పోయిందా? మళ్ళీ రాదా?"

"నా సర్వీసుల, నయమైనందుకు ఏడ్సినోణ్ణి నిన్నే చూసిన. వస్తే మళ్ళ రా, మళ్ళ తిప్పుత. తలకు దెబ్బేమన్న తగిలిందా ఈ మధ్య?"

చెప్పాను. ఫజర్, మొదటి వరుస, బాషాతో పోటీ, మంచం యాంగిల్.

బాషా గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. "పోటీనా? నాతోనా? నాకు షుగర్ వచ్చింది బ్బా. ఆ యాళకు రోజూ ఉచ్చకు లేస్తా. ఆ పొద్దు గూడా బాత్రూంకే పోతాంటి. నువ్వు నన్ను తోసుకుంటా పోతావుంటే, పాపం వీనికింకా అర్జెంటేమో అనుకుంటి."

డాక్టరు చేతిలో పెన్ను కింద పడింది. తీయడానికి ఆయన వంగలేకపోయాడు, నవ్వుకు.

కార్డు డాక్టరు సొరుగులోకి వెళ్ళింది. రెండు వారాలు కింద పైపులు మోశాను. ప్రతి పైపుకూ ఒకసారి విమానం గుర్తొచ్చింది, ప్రతి సజ్దాకూ ఒకసారి కన్నీళ్ళొచ్చాయి. లోకం కదలకుండా నిలిచి ఉన్న సజ్దా ఎంత తియ్యగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. నా గర్వాన్ని పడగొట్టడానికి అల్లాహ్ పెద్ద తుఫానునేమీ పంపలేదు. చెవిలో నలుసంత సుద్దను జరిపాడు, అంతే. మూడో వారం మళ్ళీ పరీక్షించి డాక్టరు కార్డు ఇచ్చేశాడు. ఈసారి పైకి ఎక్కేముందు నేనే కిందికి చూసి అడిగాను. "బాషా, పక్కకు జరుగుతావా?" "నువ్వు సరిగ్గా ఉంటే నేనెందుకు జరగాల్నబ్బా?" అన్నాడు. ఆ నమ్మకం నాకు హైట్ పాస్ కంటే పెద్ద కార్డు.

చాచా వెళ్ళేరోజు ముందు చాపను బాషాకు అప్పగించాడు. నాకూ ఒక పదవి ఇచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు సరిచేయడం. అందులో వంగి లేచే పని చాలా ఉంటుంది. "టెస్ట్ భీ హోతా రహేగా," అన్నాడు, పరీక్ష కూడా జరుగుతూ ఉంటుందని.

ఊళ్ళో చిన్నాయన బర్రె దూడను వేసింది. నేనేం చేయలేదని ఎంత చెప్పినా ఆయన నమ్మడం లేదు.

అందుచేత, మంచం యాంగిల్ సాక్షిగా, ఆ నలభై సీసాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నాకు ఏ మహిమ కనబడినా దాన్ని ముందు చెవుల డాక్టరుకు, తర్వాత బాషాకు చూపిస్తాను. ఆ ఇద్దరూ ఒప్పుకున్న తర్వాతే రేష్మాకు చెబుతాను. పక్కవాడు మంచం దిగిన శబ్దం వినబడితే అతను స్వర్గానికే పోతున్నాడనుకోను, ముందు బాత్రూంకు దారి వదులుతాను.

మీరు కూడా నాతో కలిసి ఒక్కసారి చేతులెత్తండి. ఓ ప్రభూ, మా చెవుల్లోని రసమట్టాలను చెదరనివ్వకు, అవి సరిగ్గా ఉన్న రోజుల్లో మా తలలను చెదరనివ్వకు. మా బాషాలను మా క్లాంపుల నుంచి కాపాడు. ఆమీన్ అనండి. తల మాత్రం నిటారుగా ఉంచి అనండి. పైకి చూసినప్పుడు ఏమైనా తిరిగిందో, దయచేసి నాకు సీసాలు పంపకండి.